మంచు పడకముందే కట్టేసిన డబ్బు

(సియాటిల్ చుట్టుపక్కల తెలుగువాళ్ల శనివారం సమావేశంలో చేసిన ప్రసంగానికి రాతప్రతి. మాట్లాడిన తీరు మార్చలేదు, మధ్యలో వచ్చిన ప్రశ్నలు కూడా ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినబడుతోందా? సరే, మైకు కాస్త దగ్గరగా పెట్టుకుంటాను.

నన్ను పిలిచినప్పుడు స్నోబోర్డింగ్, అంటే కాళ్లకి పలక కట్టుకుని మంచు కొండ మీద జారడం, దాని గురించి ఏదైనా చెప్పమన్నారు. ఎలా నేర్చుకోవాలో చెబుతానని వచ్చినవాళ్లు ఉంటే సారీ, అది చెబితే వచ్చేది కాదు, నడుం పట్టేసేదాకా పడి లేస్తే వచ్చేది. (నవ్వులు) నేను ఇవాళ మాట్లాడేది ఆ కొండలు ఎవరి చేతిలో ఉన్నాయి, మనం కట్టే డబ్బు ఎటు పోతోంది అని. ముందు ఒకసారి చేతులెత్తండి. ఒకసారి డబ్బు కడితే సీజన్ అంతా చాలా కొండలకి పనికొచ్చే పాసులున్నాయి కదా, ఎపిక్, ఐకాన్ అని. ఎపిక్ పాస్ ఎంతమంది దగ్గర ఉంది? ఐకాన్? రెండూ ఉన్నవాళ్లు? అబ్బో, ఆ మూల అన్నయ్య రెండు చేతులూ ఎత్తారు. (నవ్వులు) ఏ పాసూ లేకుండా ఏడాదికోసారి పిల్లల్ని మంచులోకి తీసుకెళ్లేవాళ్లు? చూశారా, సగం హాలు. ఈ వ్యవహారంలో ఎక్కువ దెబ్బ తినేది మీరే, కాబట్టి నిద్రపోకండి.

మన చుట్టూ ఉన్న కొండలతోనే మొదలుపెడదాం. స్టీవెన్స్ పాస్ అనే కొండ వేల్ రిసార్ట్స్ అనే కంపెనీది, ఎపిక్ పాస్ అమ్మేది వాళ్లే. వాళ్ల ఆఫీసు కొలరాడోలో, షేర్లు న్యూయార్క్ మార్కెట్లో. క్రిస్టల్ మౌంటెన్ ఆల్టెరా అనే ఇంకో కంపెనీది, అదీ కొలరాడోదే. స్నోక్వాల్మీ బోయిన్ అనే మిషిగన్ కంపెనీ చేతిలో ఉంది గానీ అక్కడికీ ఐకాన్ పాస్‌తో వెళ్లొచ్చు, ఆ పాస్ అమ్మేది ఆల్టెరా. పోనీ సరిహద్దు దాటి విస్లర్ వెళ్దామంటే అది మళ్లీ వేల్ వాళ్లదే, 2016లో దాదాపు 140 కోట్ల కెనడియన్ డాలర్లు పెట్టి కొన్నారు. అంటే శుక్రవారం రాత్రి "రేపు ఎక్కడికి పోదాం" అని మనం వాట్సాప్‌లో కొట్టుకుంటాం చూడండి, అందులో సగం తగువు మార్చి నెలలో ఏ పాస్ కొన్నామో అప్పుడే తీరిపోయింది.

స్టీవెన్స్ పాస్ 1937 నుంచి ఉంది. చాలా ఏళ్లు సియాటిల్ కంపెనీ చేతిలోనే ఉండేది. 2011లో వాళ్లు అమ్మేశాక ఫ్లోరిడాలో ఆస్తులు కొని లీజుకిచ్చే ఒక ట్రస్టుకి పోయింది, అక్కడి నుంచి డబ్బున్నవాళ్ల పెట్టుబడులు తిప్పే న్యూయార్క్ హెడ్జ్ ఫండ్ వాళ్లకి, 2018లో 6.7 కోట్ల డాలర్లకి వేల్‌కి. ఏడేళ్లలో అన్ని చేతులు మారింది. కొండ మాత్రం అక్కడే ఉంది. ఆ కొండ వీళ్లెవరిదీ కాదు కూడా, అది అటవీ శాఖ భూమి, ఆ సంగతికి తర్వాత వస్తాను.

ఇదంతా ఎలా మొదలైంది? వేల్ అనే ఊరు, ఆ స్కీ కొండ 1962లో మొదలయ్యాయి. తర్వాత ఒక యజమాని అప్పుల్లో మునిగి దివాలా తీస్తే 1990ల మొదట్లో కంపెనీలు కొని అమ్మి లాభం తీసే అపోలో అనే ప్రైవేట్ ఈక్విటీ వాళ్లు పట్టుకున్నారు. 1997లో షేర్ మార్కెట్‌కి వచ్చారు, అదే ఏడాది బ్రెకెన్‌రిడ్జ్, కీస్టోన్ కూడా కలుపుకున్నారు. అప్పుడు కేంద్ర న్యాయశాఖ అడ్డుపడింది. ఒకే కంపెనీ చేతిలోకి ఇన్ని కొండలు పోతే డెన్వర్ జనానికి ధరలు పెరుగుతాయని చెప్పి, ఆ బేరంలో వచ్చిన అరపహో బేసిన్ అనే చిన్న కొండని అమ్మేయమంది. అమ్మేశారు.

ఈ అరపహో బేసిన్ కథ నాకు భలే ఇష్టం, అందుకని ఇంకో నిమిషం తీసుకుంటాను. న్యాయశాఖ విడగొట్టిన కొండ కదా, తర్వాత ఏం చేసింది? వేల్ పాస్‌తో వచ్చేవాళ్లని రానిచ్చేలా ఒప్పందం కుదుర్చుకుంది. యజమాని వేరు, పాస్ ఒకటే. జనం పెరిగారు, పార్కింగ్ నిండిపోయేది, రోజూ వచ్చే స్థానికులకి చోటు లేదు. చివరికి 2019లో వాళ్లే "మాకొద్దు మీ పాస్" అని బయటికి వచ్చారు, జనం ఎక్కువైపోయారని చెప్పి మరీ వచ్చారు. వ్యాపారంలో కస్టమర్లు ఎక్కువయ్యారని ఒప్పందం వదులుకున్నవాళ్లని మీరెక్కడైనా చూశారా? అందరూ శభాష్ అన్నారు. 2024లో ఆ కొండని ఆల్టెరా కొనేసింది. (నవ్వులు)

ఆల్టెరా గురించి ఒక్క మాట. వీళ్లకి షేర్ మార్కెట్ లేదు, కేఎస్ఎల్ అనే ప్రైవేట్ ఈక్విటీ సంస్థ, ఆస్పెన్ కొండల యజమానులైన క్రౌన్ కుటుంబం కలిసి పెట్టారు. 2017లో 150 కోట్ల డాలర్లకి ఇంట్రావెస్ట్ అనే పెద్ద కంపెనీని కొన్నారు, మామత్, స్క్వా వ్యాలీ, డీర్ వ్యాలీ కలిపారు, 2018లో ఐకాన్ పాస్ తెచ్చారు. ఎపిక్‌కి పోటీ అన్నమాట. పోటీ వస్తే ధర తగ్గుతుందని మనం ఎకనామిక్స్‌లో చదువుకున్నాం కదా, సరే చూద్దాం.

ఇప్పుడు అసలు విషయం. 2008. అప్పుడు వేల్ సీఈఓ రాబ్ కాట్జ్, అపోలో నుంచి వచ్చిన మనిషే. ఆయన చేసిన పని ఏమిటంటే, అన్ని కొండలకీ కలిపి సీజన్ మొత్తానికి 579 డాలర్లకే ఒక పాస్ పెట్టాడు, అదే ఎపిక్. అంతకుముందు ఒక్క వేల్ కొండకే సీజన్ పాస్ వెయ్యి దాటి ఉండేది. అందరూ మతి పోయిందా అన్నారు. మతి పోలేదు, చాలా తెలివిగా లెక్క వేసుకున్నాడు.

స్కీ వ్యాపారానికి పుట్టుకతో వచ్చిన రోగం ఒకటుంది, మంచు పడితేనే జనం వస్తారు. డిసెంబర్‌లో మంచు లేకపోతే ఎవరూ టికెట్ కొనరు, జీతాలూ కరెంటు బిల్లూ మాత్రం ఆగవు. పాత రోజుల్లో ఆ టెన్షన్ అంతా యజమానిది. మన దగ్గర వర్షాధార వ్యవసాయం చేసినవాళ్ల పిల్లలు ఈ హాల్లో చాలామందే ఉన్నారు, మీకు ఇంకా వివరించక్కర్లేదు. ఇప్పుడు పాస్ ఎప్పుడు అమ్ముతారో గమనించండి. మార్చిలో మొదలవుతుంది, వేసవి అయ్యాక రేటు పెరుగుతుంది, డిసెంబర్ మొదట్లో అమ్మకం ఆపేస్తారు. అంటే ఆ ఏడు మంచు ఎలా ఉంటుందో మనకి తెలిసేలోపు డబ్బు చేతులు మారిపోయింది. మంచు పడకపోతే నష్టం ఎవరిది? మనది. వాన రిస్కు మొత్తం ఆసామి నెత్తి మీది నుంచి తీసి కూరగాయలు కొనేవాళ్ల నెత్తిన పెట్టేశారు, ఆసామి హాయిగా పడుకున్నాడు.

దీనివల్ల ఇంకోటి కూడా జరిగింది, నా ఉద్దేశంలో అదే పెద్దది. ఇదివరకు ఒక కొండ మీద జనాన్ని పైకి మోసే లిఫ్టులు సగం మూసేసి ఉంటే, లైను గంటసేపు ఉంటే, వచ్చే వారం మనం వెళ్లం. అంతే, వాళ్లకి వెంటనే గల్లాపెట్టెలో తెలిసిపోయేది. ఇప్పుడు మనం వెళ్లకపోతే వాళ్లకి పోయేదేమీ లేదు, ఇంకా లైను తగ్గుతుంది. డబ్బు ముందే ఇచ్చేశాక మన అలకకి విలువ లేదు. ఇక ఇంత దూరం వచ్చాం కదా అని లోపల బర్గరూ కాఫీ ఎలాగూ కొంటాం, ఆ కొట్టూ వాళ్లదే, బూట్లు అద్దెకిచ్చేదీ వాళ్లే, క్లాసు చెప్పేదీ వాళ్లే.

ఆ, చెప్పండి అక్కా.

(సభ నుంచి: కానీ పాస్ వల్లే కదండీ మాలాంటి వాళ్లకి అందుబాటులోకి వచ్చింది? మా అబ్బాయి సీజన్ అంతా వెళ్తాడు.)

నిజమే, కాదనను. వారం వారం వెళ్లేవాళ్లకి లెక్క కడితే రోజుకి పడేది చాలా తక్కువ. అంత తక్కువ ధరకి అన్ని కొండలు తిరిగే వీలు అంతకుముందు ఎప్పుడూ లేదు. మీ వాడికి లాభమే. నేనూ కొన్నాను, దాచేదేముంది, స్నేహితులందరూ ఏ పాస్ కొంటే మనమూ అదే కొనాలి, లేకపోతే ఒంటరిగా వెళ్లాలి. కంపెనీలకి ఆ సంగతి మనకంటే బాగా తెలుసు. కొత్త లిఫ్టులకి డబ్బు పెట్టింది కూడా ఈ పెద్ద కంపెనీలే, దివాలా తీయబోయిన కొండలు కొన్ని నిలబడ్డాయి. ఆ మాట చెప్పకపోతే నాది అన్యాయం. కానీ ధర సంగతి చూడండి. 2025-26 సీజన్‌కి ఎపిక్ 1,051 డాలర్ల దగ్గర మొదలైంది, ఐకాన్ 1,329. పోటీ ఉంది కదా అన్నాను చూశారా, అదీ పోటీ.

మరి పాస్ లేనివాళ్లు? ఇందాక చేతులెత్తిన సగం హాలు? మీరు పొద్దున్నే పిల్లల్ని లేపి, కారులో పులిహోర పెట్టుకుని, కొండ దగ్గర టికెట్ కిటికీ ముందు నిలబడితే పడే రేటు వేరు. కొలరాడో వేల్ కొండలో, యూటా పార్క్ సిటీలో పండగ రోజుల్లో ఒక్క మనిషికి ఒక్క రోజుకి 300 డాలర్లు దాటిపోయింది. నలుగురికి 1,200 పైన. దాని మీద బూట్లు, బోర్డు అద్దె, క్లాసు, తిండి, పార్కింగ్... తడిసి మోపెడవుతుంది. మన దగ్గరి కొండల్లో అంత ఉండదు గానీ పోకడ అదే. ఆ కిటికీ రేటు నిజంగా అమ్మడానికి పెట్టింది కాదని నా అనుమానం, పాస్ చవకగా కనబడాలంటే పక్కన ఏదో ఒకటి భయపెట్టేలా ఉండాలి కదా. పట్టుచీరల కొట్లో మొదట ఏ చీర పరుస్తారో మన ఆడవాళ్లని అడగండి. (నవ్వులు)

దీనివల్ల కొత్తగా నేర్చుకునేవాడు రాడు. ఒకసారి సరదాగా వెళ్లొద్దాం అనుకునేవాడికి దారి మూసేసి, ఎప్పుడూ వచ్చేవాడికి తలుపు బార్లా తీశారు. కంపెనీకీ ఇది తట్టినట్టుంది, 2025లో కాట్జ్ మళ్లీ సీఈఓగా వచ్చాక, పాస్ ఉన్నవాళ్లు తమ స్నేహితులకి సగం రేటుకి టికెట్ ఇప్పించే స్కీము పెట్టారు. మీ స్నేహితుల్లో ఎపిక్ పాస్ ఉన్నవాళ్లని పట్టుకోండి, ఇందాక చేతులెత్తినప్పుడు మొహాలు చూసే ఉంటారు.

ఇప్పుడు 2021-22 చలికాలం. ఇక్కడ చాలామందికి గుర్తుంటుంది. ఆ ఏడాది వేల్ పాస్ ధర 20 శాతం తగ్గించింది, 979 నుంచి 783కి. జనం ఎగబడ్డారు, అన్ని రకాల పాసులూ కలిపి 21 లక్షలు అమ్ముడుపోయాయి. బాగానే ఉంది. తీరా చలికాలం వచ్చేసరికి లిఫ్టులు నడిపే మనుషులు లేరు. కోవిడ్ ఒకటి, జీతాలు చాలవు, ఉండడానికి ఇళ్లు లేవు, విదేశాల నుంచి వచ్చే స్టూడెంట్ కుర్రాళ్లు రాలేదు. స్టీవెన్స్‌లో మంచు పుష్కలంగా పడింది, కానీ కొండ వెనకవైపు మిల్ వ్యాలీ అనే భాగాన్ని జనవరి దాకా తెరవలేకపోయారు. పాస్ కొన్నవాళ్లు పార్కింగ్‌లో చోటు దొరక్క రెండు గంటలు డ్రైవ్ చేసి వచ్చిన దారినే వెనక్కి పోయారు. ఆన్‌లైన్‌లో పిటిషన్ పెడితే 40,000 మందికి పైగా సంతకాలు చేశారు, రాష్ట్ర అటార్నీ జనరల్‌కి ఫిర్యాదులు వెళ్లాయి. అప్పుడు కదిలారు. జనవరిలో ఆ కొండ మీదే పని నేర్చుకుని పైకొచ్చిన మనిషిని తాత్కాలిక మేనేజర్‌గా పంపారు, మెల్లగా లిఫ్టులు తెరిచారు, మరుసటి సీజన్‌కి ఉద్యోగుల కనీస జీతం గంటకి 20 డాలర్లు చేశారు.

గమనించండి, వాళ్లని కదిలించింది టికెట్ అమ్మకం పడిపోవడం కాదు, అరుపులు. పాస్ డబ్బు అప్పటికే బ్యాంకులో ఉంది.

మనిషి తక్కువైతే ఏమవుతుందో పాస్ లేనివాళ్లకి అర్థం కావాలంటే లిఫ్టు లైను ఎలా ఉంటుందో చెప్పాలి. నలుగురు కూర్చునే కుర్చీ. లైనులో జంటలు, ముగ్గురేసి గుంపులు, ఒంటరివాళ్లు కలగాపులగంగా ఉంటారు. ముందు ఒక కుర్రాడు నిలబడి "మీరిద్దరు, మీరిద్దరు, నువ్వు ఇటు రా" అని జోడించాలి. వాడు లేకపోతే ఏం జరుగుతుంది? మొహమాటం. ఒక కొండలో, పేరు వద్దు, శనివారం పది గంటలకి నేను లైను మధ్యలో ఉండి చూస్తున్నాను, కుర్చీల్లో ఇద్దరేసి, ఒక్కోసారి ఒక్కరే పోతున్నారు, వెనక లైను రెస్టారెంటు గోడ దాకా ఉంది. సగం లిఫ్టు ఖాళీగా కొండ ఎక్కుతోంది. గంటకి ఇరవై డాలర్ల మనిషి ఒక్కడు లేక వందల మంది పొద్దు పోయింది. కొత్త లిఫ్టుకి కోట్లు పెడతారు, ఈ కుర్రాడి దగ్గర పొదుపు చేస్తారు, ఆ తెలివి నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

క్రిస్టల్ వైపు కూడా ఇదే బాధ, ఇంకో రూపంలో. ఐకాన్ వచ్చాక జనం ఎంత పెరిగారంటే 2020 జనవరిలో శని ఆదివారాలు, సెలవు రోజులు అక్కడికక్కడ టికెట్ అమ్మడమే ఆపేశారు. అంటే పాస్ లేకపోతే, ముందు కొనుక్కోకపోతే, నీకు కొండ లేదు.

పార్క్ సిటీ గురించి చెప్పకుండా పోలేను. దీన్ని పౌడర్ అనే కంపెనీ నడిపేది, కొండ భూమి వేరేవాళ్లది, ఏడాదికి లక్షా యాభై వేల డాలర్ల చిల్లర అద్దె, ఆ ధరకి అలాంటి కొండ ఇంకెక్కడా దొరకదు. 2011లో లీజు రెన్యువల్ కాగితం గడువులోపల ఇవ్వలేదు! అంతే. మర్చిపోయారు. మన ఇళ్లలో కరెంటు బిల్లు మర్చిపోయినట్టు. భూమి వాళ్లు వేల్‌తో చేతులు కలిపారు, కోర్టుకెళ్లారు, చివరికి 2014లో 18.25 కోట్ల డాలర్లకి వేల్ ఆ కొండని కొనేసి పక్కనున్న కేన్యన్స్ అనే స్కీ కొండతో కలిపి 7,300 ఎకరాలు చేసింది, అమెరికాలో ఒకే రిసార్ట్‌గా అదే పెద్దదని చెప్పుకున్నారు.

ఆ కొండ మీదే 2024 డిసెంబర్ 27న, క్రిస్మస్ సెలవుల్లో, ఏడాది మొత్తంలో ఎక్కువ జనం ఉండే వారంలో, స్కీ పెట్రోల్ వాళ్లు, అంటే కొండ మీద గస్తీ తిరిగి జనం భద్రత చూసేవాళ్లు, సమ్మెకి దిగారు. దాదాపు 200 మంది. ఎర్ర కోటు వేసుకుని, దెబ్బ తగిలినవాళ్లని స్లెడ్‌లో కిందికి తెచ్చేవాళ్లు అని మాత్రమే మనకి తెలుసు. వాళ్ల అసలు పని మనం లేవకముందే అయిపోతుంది. రాత్రి కురిసిన మంచు గాలికి ఏ గట్టు వెనక పేరుకుందో చూసుకుంటారు, పేలుడు మందుకి వత్తి అంటించి చేత్తో వాలు మీదికి విసురుతారు, జారాల్సిన చరియ ఏదో మనం రాకముందే జారిపోవాలని. తర్వాత ఒకరు చూస్తుండగా ఇంకొకరు ఆ వాలుని అడ్డంగా కోస్తూ దిగి, కాళ్ల కింద ఇంకా కదులుతోందా అని చూస్తారు. ఆ పని అయితేనే వాలుకి అడ్డంగా కట్టిన తాడు విప్పుతారు. వాళ్లు లేకపోతే కొండ తెరవడానికి లేదు.

వాళ్లు అడిగింది మొదటి జీతం గంటకి 21 డాలర్ల నుంచి 23 చేయమని. రెండు డాలర్లు. ఎనిమిది గంటలకి 168 డాలర్లు తెచ్చుకునే ఆ మనిషి, ఆ వారం కిటికీ దగ్గర ఒక్క టికెట్ కొనాలంటే రెండు రోజుల జీతం పెట్టాలి. కంపెనీ వేరే రిసార్టుల నుంచి మనుషుల్ని తెచ్చి నడపాలని చూసింది. కొండలో చాలా భాగం మూసే ఉంది, తెరిచిన కొద్ది లిఫ్టుల దగ్గర జాతర. విమానాలెక్కి, హోటళ్లు తీసుకుని వచ్చిన కుటుంబాలు లైన్లలో నిలబడి ఆ రోజులు గడిపేశాయి. విచిత్రం ఏమిటంటే ఆ లైన్లో ఉన్నవాళ్లే "పనివాళ్లకి జీతాలివ్వండి" అని కేకలు వేశారు, ఆ వీడియోలు మీలో కొందరు చూసే ఉంటారు. జనవరి 8కి ఒప్పందం కుదిరింది, ఆ రెండు డాలర్లూ ఇచ్చారు. ఆ రోజుల్లో వచ్చినవాళ్లకి తర్వాత వాడుకునేలా సగం క్రెడిట్ ఇస్తామన్నారు. పాడైన సెలవులకి క్రెడిట్ ఏమిటో మరి, మళ్లీ వాళ్ల దగ్గరే ఖర్చు పెట్టాలి.

చిన్న కొండల సంగతి త్వరగా చెప్పేస్తాను. మిన్నియాపోలిస్ పక్కన ఆఫ్టన్ ఆల్ప్స్, డెట్రాయిట్ దగ్గర మౌంట్ బ్రైటన్, చికాగో దగ్గర విల్మాట్. కొండలని పిలవడానికి కూడా మొహమాటపడాలి, అవి దిబ్బలు. వేల్ వాటిని ఎందుకు కొంది? అక్కడ నేర్చుకున్నవాళ్లకి పాస్ అంటగడితే, ఎలాగూ పాస్ ఉంది కదా అని సెలవుల్లో కొలరాడో విమానం ఎక్కుతారు. ఆ తర్వాత 2019లో పీక్ రిసార్ట్స్ అనే కంపెనీని కొని ఒక్క దెబ్బకి ఇంకో 17 కొండలు తెచ్చుకున్నారు, న్యూజెర్సీ వాళ్లు వెళ్లే హంటర్, జాక్ ఫ్రాస్ట్ అందులోవే. మొత్తం ఇప్పుడు 42, అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, స్విట్జర్లాండ్‌లో.

కొనేసి నడిపితే ఒక రకం. న్యూయార్క్ రాష్ట్రంలో సిరక్యూస్ దగ్గర రెండు కొండలున్న ఒకాయన 2021లో పోటీగా ఉన్న మూడోదాన్ని, టోగెన్‌బర్గ్‌ని కొని మూసేశాడు. జనం చచ్చినట్టు తన దగ్గరికే వస్తారని. అక్కడి అటార్నీ జనరల్ కేసు వేస్తే 2024లో కోర్టు అది చట్టవిరుద్ధమంది. చిన్నవాడు చేస్తే అంత తేటగా కనబడుతుంది.

ఇక ఇందాక చెప్తానన్న భూమి సంగతి. అమెరికాలో 120కి పైగా స్కీ ప్రాంతాలు అటవీ శాఖ భూముల్లో ఉన్నాయి. స్టీవెన్స్, క్రిస్టల్, బేకర్, కొలరాడోలో వేల్ కొండ, అన్నీ. 1986 చట్టం ప్రకారం 40 ఏళ్ల దాకా పర్మిట్ ఇస్తారు, కంపెనీ తన ఆదాయంలో 1.5 నుంచి 4 శాతం దాకా ప్రభుత్వానికి కడుతుంది. లిఫ్టు వాళ్లది, కొండ జనానిది. పర్మిట్ ఒకరి నుంచి ఒకరికి దానంతట అది బదిలీ కాదు, కొండ చేతులు మారితే కొత్త యజమాని మళ్లీ పర్మిట్ తీసుకోవాలి. అంటే అక్కడ అడగడానికి ఒక సందు ఉంది. నీ దగ్గర చాలినంత మంది పనివాళ్లు ఉంటారా, పాసులు ఎన్ని అమ్ముతావు, పార్కింగ్‌లో ఎన్ని కార్లు పడతాయి? నాకు తెలిసి ఇలాంటివి ఎవరూ గట్టిగా అడగరు. పార్క్ సిటీలో మాత్రం, అది ప్రైవేటు భూమి అయినా, అడిగారు. 2022లో కంపెనీ రెండు పెద్ద కొత్త లిఫ్టులు వేస్తామంటే నలుగురు స్థానికులు అప్పీలు వేశారు, జనాన్ని పైకి పంపుతారు సరే కార్లు ఎక్కడ పెట్టాలి అని. ఊరి ప్లానింగ్ కమిషన్ వాళ్ల మాటే విని అనుమతి రద్దు చేసింది. ఆ లిఫ్టులు విస్లర్‌కి వెళ్లిపోయాయి. ఈసారి విస్లర్‌లో ఎక్కినప్పుడు ఆ నలుగురికీ ఒక దండం పెట్టుకోండి.

(సభ నుంచి: మరి ఈ కంపెనీల చేతిలో లేనివి ఏమీ మిగల్లేదా?)

ఎందుకు లేవు, చాలా ఉన్నాయి. మనకి దగ్గర్లోనే మౌంట్ బేకర్. ఎపిక్ లేదు, ఐకాన్ లేదు, కింద హోటళ్లు లేవు, కరెంటు కూడా జనరేటర్ల మీదే. 1998-99లో అక్కడ 1,140 అంగుళాల మంచు పడింది, ప్రపంచ రికార్డు. స్నోబోర్డు వాళ్లని చాలా కొండలు గేటు దగ్గరే ఆపే రోజుల్లో, 1985 నుంచి వాళ్లు స్నోబోర్డు పోటీ పెడుతున్నారు, అందుకని నాకు కొంచెం పక్షపాతం ఉంది. తూర్పు వాషింగ్టన్‌లో లూప్ లూప్ అని లాభాపేక్ష లేని చిన్న కొండ, ఐడహోలో బోగస్ బేసిన్, మొంటానాలో బ్రిడ్జర్ బౌల్ కూడా అలాంటివే. వెర్మాంట్‌లో మ్యాడ్ రివర్ గ్లెన్‌ని 1995లో స్కీయర్లే షేర్లు వేసుకుని సహకార సంఘంగా కొనుక్కున్నారు, మన పాల సొసైటీలా. పద్ధతి అద్భుతం, కానీ స్నోబోర్డు రానివ్వరు, కాబట్టి నేను దూరం నుంచే మెచ్చుకోవాలి. (నవ్వులు) పెద్ద కొండ కూడా వెనక్కి వచ్చింది ఒకటి, అదే రాష్ట్రంలో కిల్లింగ్టన్‌ని 2024లో స్థానిక పాస్ హోల్డర్లు, పెట్టుబడిదారులు కలిసి పౌడర్ దగ్గర నుంచి కొన్నారు. 2019లో మొదలైన ఇండీ పాస్ అని ఇంకోటి ఉంది, చిన్న కొండలన్నిటికీ కలిపి, ఒక్కోచోట రెండేసి రోజులు. యూరప్‌లో అయితే లెక్కే వేరు, ఒకే కొండ మీద లిఫ్టు ఒకరిది, హోటల్ ఒకరిది, సూప్ పోసే గుడిసె ఇంకో కుటుంబానిది, ఒక్క రోజు టికెట్ ఇక్కడి కిటికీ రేటులో మూడో వంతు కూడా ఉండదు చాలాచోట్ల.

(సభ నుంచి: మన గుల్‌మార్గ్ సంగతి?)

అక్కడ గోండోలా నడిపేది జమ్మూ కశ్మీర్ ప్రభుత్వ కేబుల్ కార్ కార్పొరేషన్, కాబట్టి మన వేల్ కాట్జ్ గారికి అక్కడ పని లేదు. లైన్లు మాత్రం ఉంటాయి. (నవ్వులు) ప్రభుత్వం నడిపితే అన్నీ బాగుంటాయని నేను అనలేదు.

టైమ్ అయిపోయిందంటున్నారు. ఆఖరి ప్రశ్న, అమ్మా మీరు.

(సభ నుంచి: మా అత్తగారు మామగారు విజయవాడ నుంచి వస్తున్నారు డిసెంబర్‌లో. పిల్లలతో ఒక్కసారి తీసుకెళ్లాలి. ఏం చేయమంటారు?)

పెద్దవాళ్లు స్కీ చేయరు కదా? చేస్తారా? (నవ్వులు) అయితే వాళ్లకి లిఫ్టు టికెట్ కొనకండి, ట్యూబింగ్ చాలు, రబ్బరు ట్యూబులో కూర్చుని జారడం, పిల్లలకీ అదే ఎక్కువ నచ్చుతుంది. టికెట్ ఆన్‌లైన్‌లో ముందే కొనండి, కిటికీ దగ్గర అస్సలు వద్దు. క్రిస్మస్‌కీ జనవరి ఒకటికీ మధ్య వెళ్లకండి, కుదిరితే మంగళవారమో బుధవారమో సెలవు పెట్టండి. బూట్లు, కోట్లు కొండ మీద అద్దెకి తీసుకోవద్దు, ముందు రోజు సాయంత్రం ఊళ్లోనే ఏదో ఒక షాపులో తీసుకోండి, తక్కువ పడుతుంది, పొద్దున లైనూ తప్పుతుంది. పిల్లలకి చేతి తొడుగులు రెండు జతలు పెట్టుకోండి, మొదటి జత అరగంటలో తడిసిపోతుంది. పులిహోర తీసుకెళ్లండి, కింద లాడ్జిలో బల్లల దగ్గర కూర్చుని తింటే నన్నెవరూ ఇంతవరకు ఏమీ అనలేదు. మామగారి కాళ్లకి మాత్రం స్పోర్ట్స్ షూస్ వేయించకండి, పార్కింగ్‌లోనే జారతారు.